"గిల్లిం, 1610" అని వేసే ముందు: ఏడేళ్ళ వాడకం తర్వాత

ఈ పుస్తకం మీద నాకున్న కోపమంతా ఒక్కదానికే. ముఖపత్రం మీద ఎప్పుడూ అదే పేరు, అదే రచయిత. లోపల మాత్రం ఏ వాక్యం ఎప్పుడు వచ్చి చేరిందో చెప్పే నాథుడు ఉండడు.

జాన్ గిల్లిం రాసిన 'ఎ డిస్‌ప్లే ఆఫ్ హెరాల్డ్రీ' గురించి చెబుతున్నాను. హెరాల్డ్రీ అంటే ఇంగ్లీషు పెద్దింటివాళ్ళ డాళ్ళ మీద వేసే వంశచిహ్నాల విద్య. డాలు మీద సింహం ఎటు తిరిగి ఉండాలి, బంగారు రంగు మీద వెండి రంగు ఎందుకు వేయకూడదు లాంటివి నేర్చుకుందామని వచ్చినవాళ్ళకు ఈ సమీక్షతో పెద్దగా పని లేదు. ఆ చదువుకు పుస్తకం ఇప్పటికీ బాగానే ఉంటుంది. దీంట్లోంచి వాక్యాలు ఎత్తి, పక్కన సంవత్సరం వేసి, రేపు ఎవరైనా నిలదీస్తే చూపించాల్సిన అవసరం ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. మనలో అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారంటారా? నాకు తెలిసి నేనొకదాన్ని.

నా పని హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని పాత ఇంగ్లీషు పుస్తకాల కొటేషన్లు సరిచూసి పంపడం. ఒక మాట అచ్చులో మొదట ఎప్పుడు కనిపించింది, ఎవరు ఏ అర్థంలో వాడారు, ఇదీ లెక్క. ఏడేళ్ళ కిందట హెరాల్డ్రీ మాటల జాబితా ఒకటి నెత్తిన పడింది. అప్పట్నుంచి గిల్లిం మా ఇంట్లో మనిషైపోయాడు.

మొదటి కూర్పు 1610. ఆ తర్వాత 1632, 1638, 1660, 1679, చివరికి 1724లో ఆరోది. గిల్లిం 1621లో పోయాడు. అంటే ఆరింటిలో అయిదు ఆయన పోయాక వచ్చినవే. ఈ ఒక్క ముక్క నేను మొదటిరోజే కాగితం మీద రాసి గోడకి అంటించుకుని ఉంటే ఈ సమీక్ష రాయాల్సిన పనే ఉండేది కాదు.

మొదటి రెండేళ్ళూ నేను 1724 కూర్పునే వాడాను. వాడటమే కాదు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "ఆరోది ఒక్కటి దగ్గర పెట్టుకోండి, చాలు" అని చెప్పాను. అచ్చు శుభ్రంగా ఉంటుంది. 1610లోలా 'అపాన్' మొదట్లో వి అక్షరం, 'హ్యావ్' మధ్యలో యు అక్షరం ఉండి కళ్ళు తికమకపడే బాధ లేదు. ఏ మాట కావాలన్నా దొరుకుతుంది. ఎందుకు దొరకదు, నూటపద్నాలుగేళ్ళుగా వచ్చినవాళ్ళందరూ తలో చెయ్యీ వేసి నింపిన పుస్తకమాయె!

ఇక అసలు కథ.

వేటడేగల పనికి సంబంధించిన మాట ఒకటి జాబితాలో ఉంది. డేగ కాళ్ళకు తోలు పట్టీలు కట్టడం, విరిగిన ఈకకు అతుకు వేయడం, అలాంటి వ్యవహారం. ఆ మాట ఏదో ఇక్కడ చెప్పను, ఇంకా సిగ్గుగానే ఉంది. 1724లో చక్కటి వాక్యం దొరికింది. మాటకు అర్థం కూడా అందులోనే చెప్పాడు, నాకు కావాల్సింది సరిగ్గా అదే. తీసి రాసుకున్నాను. గిల్లిం పుస్తకం 1610ది కదా అని పక్కన 1610 వేశాను. పంపేశాను.

అప్పుడు అనుమానం రాకపోవడానికి కారణం కూడా ఉంది. హెరాల్డ్రీ పుస్తకంలో డేగల గొడవ ఎందుకని నాకు అనిపించలేదు. 1486లో సెయింట్ ఆల్బన్స్‌లో అచ్చయిన పుస్తకంలోనే డేగల వేట, జంతువుల వేట, డాలు గుర్తులు మూడూ ఒకే బైండింగ్‌లో ఉంటాయి. పెద్దింటి పిల్లాడికి తెలియాల్సిన విద్యలు అవి. గిల్లిం కూడా అదే దారిలో పోయాడనుకున్నాను. పోయిన మాట నిజమే. ఎప్పుడు పోయాడన్నదే చూసుకోలేదు.

రెండు వారాలకు ఎడిటర్ గారి దగ్గర్నుంచి ఒక్క లైను మెయిల్: ఈ వాక్యం 1610 ప్రతిలో ఏ పేజీలో ఉందో ఫోటో పంపగలరా? మర్యాదగానే అడిగారు. ఆవిడ మర్యాదగా అడిగారంటేనే నాకు టెన్షన్.

1610 స్కాన్ తెరిచాను. మూడో భాగంలో పక్షుల అధ్యాయాలు మొత్తం తిరగేశాను. లేదు. ముందూ వెనకా చూశాను. లేదు. పేజీలేమైనా స్కాన్‌లో ఎగిరిపోయాయేమోనని నంబర్లు వరసగా చూశాను. అన్నీ ఉన్నాయి, నా వాక్యం తప్ప. రాత్రి పదకొండున్నరకి 1638 తెరిస్తే అక్కడ ఉంది. 1632లోనూ ఉంది. 1610లోనే లేదు. అంటే గిల్లిం పోయాక పదకొండేళ్ళకు అచ్చయిన వాక్యానికి నేను ఆయన బతికున్నప్పటి తేదీ వేసి పంపాను.

మా నాన్నగారు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరయ్యారు. ఇంగ్లీషు హెరాల్డ్రీ గురించి ఆయనకు ఆవగింజంత కూడా తెలియదు. నేను అర్ధరాత్రి గొణుక్కుంటుంటే మంచినీళ్ళకని లేచివచ్చి ఏమైందన్నారు. చెప్పాను.

"ముఖపత్రం చూశావా అమ్మడూ?"

"పేరేగా నాన్నా ఉండేది. అన్నిటికీ అదే పేరు."

"పేరు కింద చూడు. బ్రౌన్ దొర 1829లో వేసిన వేమనలో 693 పద్యాలు, 1839లో వేసినదాంట్లో 1,164. పైన పేరు చూస్తే రెండూ వేమనే. మరి పెరిగిన పద్యాల సంగతి ఎక్కడ రాస్తారనుకున్నావు?"

1632 ముఖపత్రానికి వెళ్ళాను. పేరు కింద, నేను రెండేళ్ళుగా కన్నెత్తి చూడని చిన్నక్షరాల్లో ఉంది. ఇది రెండో కూర్పు అనీ, రచయిత తాను బతికుండగానే సరిదిద్ది చాలా పెంచాడనీ, డేగల వేట, జంతువుల వేట మాటల వివరణ కూడా ఆయన స్వయంగా చేర్చినదేననీ. నా తప్పు అక్కడే, అంత స్పష్టంగా, 1632 నుంచీ అచ్చయి కూర్చుని ఉంది.

కోపంలోనే ఒక సంతోషం కూడా దొరికింది, దాన్ని దాచలేను. ఆ ముఖపత్రాన్ని నమ్మితే వాక్యం గిల్లింది కాకుండా పోలేదు. అచ్చయింది 1632లో, రాసింది మాత్రం 1621కి ముందు. ఎడిటర్ గారికి అదే రాశాను, ముఖపత్రం ఫోటోతో సహా. ఆవిడ అచ్చు తేదీ 1632గా ఉంచి, రచన 1621కి ముందుది అని చిన్న గుర్తు పెట్టించారు. మాట వయసు తగ్గింది కానీ మనిషి మారలేదు. (అసలు ఈ పుస్తకంలో చాలా భాగం జాన్ బార్కమ్ అనే మతాచార్యుడు రాసి గిల్లింకు ఇచ్చేశాడని ఆక్స్‌ఫర్డ్ రచయితల చరిత్ర రాసిన ఆంథొనీ వుడ్ తర్వాత రాశాడు. అది వేరే తగాదా. దాంట్లోకి నేను దిగను, నాకు పేజీకి ఇచ్చే డబ్బుకి అది గిట్టుబాటు కాదు.)

సంతోషం ఒక పూటే. మర్నాటి నుంచి అంతకుముందు పంపినవన్నీ మళ్ళీ సరిచూడాల్సి వచ్చింది. మొత్తం నలభై మూడు కొటేషన్లు. తొమ్మిది 1610లో అసలు లేవు. అయిదు ఉన్నాయి కానీ మాటలు వేరుగా ఉన్నాయి. ఆ తొమ్మిదిలో కొన్ని 1632వి, వాటికి పైన చెప్పిన మందు పని చేసింది. మిగతావి ఇంకా తర్వాతివి. 1679 కూర్పులో రెండో చార్ల్స్ కాలపు పెద్దమనుషుల చిహ్నాలు కూడా ఉంటాయి, వెనక కెప్టెన్ లోగన్ అనే ఆయన గౌరవ పదవుల మీద రాసిన గ్రంథం ఒకటి చేర్చారు. గిల్లిం ఎరగని మనుషులు, గిల్లిం రాయని పేజీలు. నేను చూసిన పేజీల్లో కొత్తగా చేరినదానికి ప్రత్యేకంగా గుర్తేమీ లేదు. పాతదీ కొత్తదీ ఒకే వరసలో కూర్చుని భోంచేస్తుంటాయి. ఎవరు పెళ్ళివారో, ఎవరు దారిన పోతూ వచ్చి కూర్చున్నారో మనమే కనిపెట్టాలి.

పేజీ నంబర్లు ఏ రెండు కూర్పులకీ కలవవు, అది చెప్పనక్కర్లేదు. కాపాడేది భాగం, అధ్యాయం. గిల్లిం పుస్తకాన్ని ఆరు భాగాలు చేసి, కొమ్మలు కొమ్మలుగా విడగొట్టిన పట్టికలు పెట్టి, ఏ వస్తువు ఎక్కడ రావాలో ముందే గిరి గీసుకున్నాడు. ఆకాశంలోవి, నేల మీదవి, నీళ్ళలోవి, మనిషి చేసినవి, ఇలా. చేపల సంగతి ఏ కూర్పులోనైనా చేపల దగ్గరే ఉంటుంది. అందుకే నేను ఇప్పుడు ముందు భాగం, అధ్యాయం వేసి, కూర్పు సంవత్సరం వేసి, ఆ తర్వాతే పేజీ వేస్తాను. సెయింట్ ఆల్బన్స్ పుస్తకంతో పోలిస్తే ఇది స్వర్గం. దాంట్లో పేజీ నంబర్లే లేవు, ఫారం గుర్తులతో, అంటే మడతపెట్టిన అచ్చు కాగితాల వరస తెలియడానికి పేజీ అడుగున వేసే అక్షరాలతో చెప్పాలి. హెరాల్డ్రీ భాగం వచ్చేసరికి ఆ గుర్తులు కూడా మళ్ళీ ఎ నుంచి మొదలవుతాయి. హెరాల్డ్రీ భాగం అని విడిగా రాయకపోతే చదివేవాడు పోయి డేగల దగ్గర తేలతాడు.

కంప్యూటర్ వెతుకులాట మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. పాత అచ్చులో పొడుగాటి ఎస్ చూడ్డానికి ఎఫ్‌లా ఉంటుంది కదా, యంత్రం దాన్ని ఎఫ్ అనే చదువుతుంది. హెరాల్డ్రీలో నలుపును 'సేబుల్' అంటారు. యంత్రం చేతిలో అది 'ఫేబుల్' అవుతుంది. నల్ల సింహం కాస్తా కట్టుకథ సింహమై కూర్చుంటుంది. ఇక బంగారు రంగుకి మాట 'ఆర్'. ఇంగ్లీషులో 'లేదా' అనడానికీ అదే మాట, అవే రెండక్షరాలు. వెతికి చూడండి, మీ ఓపిక.

మధ్యలో ఒకసారి కళ్ళు నొప్పులని కాగితం ప్రతి కూడా తెప్పించాను, ఆర్డర్ పెడితే అచ్చు వేసి పంపేవాళ్ళ దగ్గర్నుంచి. ఎవరో చెప్పను. అట్ట మీద ఏ కూర్పో లేదు. లోపల పేజీల అంచులు కోసేశారు. గిల్లిం ఎవరి దగ్గర్నుంచి ఏం తీసుకున్నాడో రాసుకున్నది ఆ అంచుల్లోనే. కొటేషన్లు వెతికేదానికి ఆధారాలు కోసేసిన పుస్తకం వచ్చింది. ఇప్పుడది మా ఇంట్లో మానిటర్ కింద ఎత్తుకి పనికొస్తోంది, ఆ పనిలో మాత్రం వంక పెట్టలేను.

ఇంత చెప్పాక 1610 ఒక్కటే సత్యం, మిగతావి చెత్త అనుకుంటారేమో. నేనూ కొన్నాళ్ళు అలాగే మాట్లాడాను. కాదు. 1610లో అచ్చుతప్పులున్నాయి. చదవడం కష్టం. బొమ్మల్లో రంగు ఏదో తెలియదు, ఎందుకంటే గీతల దిశను బట్టి రంగు తెలుసుకునే పద్ధతి పెట్రా సాంక్టా అనే ఆయన పుస్తకంతో 1638లో గానీ స్థిరపడలేదు. కొన్ని ప్రతులకు సొంతదారులు చేత్తో రంగులు వేయించుకున్నారు, చూడ్డానికి కన్నుల పండుగే. ఆ రంగును నమ్మి రాస్తే మాత్రం మీరు కోట్ చేస్తున్నది గిల్లింని కాదు, ఎవరో రంగులద్దే మనిషిని. రంగు పక్కనున్న వాక్యంలోంచే తీసుకోవాలి.

కాబట్టి నా తీర్పు నా పరిస్థితికి సరిపోయేదే. సరదాగా చదివేవాళ్ళకు 1724 హాయి, ఆ మాట వెనక్కి తీసుకోను. "చాలు" అన్న మాట మాత్రం తీసుకుంటున్నాను. మాటల వయసు తేల్చే పని అయితే 1610, 1632 రెండూ పక్కపక్కన తెరిచి ఉండాల్సిందే, మూడోది అనుమానం వచ్చినప్పుడు. నాకు రెండు మానిటర్లున్నాయి, ఇంట్లో ఒక ప్రూఫ్‌రీడర్ ఉన్నారు, అడిగి ఆగే ఎడిటర్ గారున్నారు. ఇవేవీ లేనివాళ్ళు గిల్లింని అసలు ముట్టుకోవాలా అంటే, ఏమో. పేరు కేటలాగుల్లో జి పక్కన డబ్ల్యు పెట్టి 'గ్విల్లిం' అని కూడా ఉంటుంది, అది మాత్రం మర్చిపోకండి. నాకు 1638 ప్రతి ఆ స్పెల్లింగ్ కిందే దొరికింది.

అయిదుకి మూడున్నర చుక్కలు. నిన్నటిదాకా నాలుగు ఇద్దామనుకున్నాను. పొద్దున కొత్త జాబితా వచ్చింది. మొదటి మాట పక్కనే ఎవరో వేసి ఉంచారు: గిల్లిం, 1611. మొదటి కూర్పుకి కొన్ని కేటలాగుల్లో 1610, కొన్నిట్లో 1611 అని ఉంటుంది. నాన్నగారిని పిలిచాను. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో వెతుక్కుంటున్నారు.