వెండి పూసిన నానో కోటింగ్ వేయించాం: బాల్కనీకి ఓకే, బాత్రూమ్‌కి దండగ

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "ఒక్కసారి స్ప్రే చేస్తే ఏడాదిదాకా క్రిములు చేరవు" అనే ప్రకటన తెగ తిరిగింది, మేమూ వేయించుకున్నాం. ఎలా ఉందని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి రాస్తున్నా. కంపెనీ పేరు చెప్పను.

వాళ్లు కొట్టేది వెండి పూసిన టైటానియం డయాక్సైడ్ నానో కణాలు. సైన్స్ బోగస్ కాదు. టైటానియం డయాక్సైడ్ మీద అతినీలలోహిత కాంతి పడేలా చేసి నీటిని విడగొట్టొచ్చని ఫుజిషిమా, హోండా 1972లోనే నేచర్ పత్రికలో రాశారు. ప్లాటినం చేర్చిన ఇదే పొడితో సూక్ష్మజీవుల్ని చంపొచ్చని 1985లో ఇంకో జపాన్ బృందం చూపించింది. కాంతి పడగానే కణం మీద హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే, దేనితోనైనా ఇట్టే చర్య జరిపే అణుముక్కలు పుడతాయి, అవి ఆనుకుని ఉన్న బ్యాక్టీరియా పొరని ఛిద్రం చేస్తాయి.

చిక్కల్లా ఆ కాంతి దగ్గరే. ఈ పనికి ఎక్కువగా వాడే అనటేజ్ రకం టైటానియం డయాక్సైడ్‌కి తరంగదైర్ఘ్యం సుమారు 388 నానోమీటర్ల లోపు ఉండే కాంతి, అంటే అతినీలలోహిత కాంతి కావాలి. మన ఇళ్లలో తెల్ల ఎల్‌ఈడీ బల్బులు అలాంటి కాంతిని దాదాపు ఇవ్వవు. కిటికీ కూడా సరిగ్గా లేని మా బాత్రూమ్‌లో ఇక అదేం పనిచేస్తుంది? ఇదే అడిగితే వచ్చినతను "వెండి ఉంది కదా సార్, చీకట్లో కూడా చంపుతుంది" అన్నాడు. అదీ అబద్ధం కాదు, తడి తగిలితే వెండి అయాన్లు (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులు) బయటికొస్తాయి, బ్యాక్టీరియాకి అవి పడవు. కానీ కణం బ్యాక్టీరియాకి తగలాలి, లేదా అయాన్ అక్కడిదాకా చేరాలి. మాది బోరు నీళ్లు, టైల్స్ మీద తెల్లటి ఉప్పు పొర ఊరికే పేరుకుంటుంది, దానిపైన సబ్బు జిడ్డు. కోటింగ్ ఆ పొరల కింద హాయిగా పడుకుంటుంది, బ్యాక్టీరియా పైన కాపురం పెడుతుంది. పోనీ యాసిడ్ పోసి రుద్దుదామంటే కోటింగ్ పోతుందట, వారంటీ రాదట.

99.9 శాతం బ్యాక్టీరియా చస్తుందని వాళ్లు చూపించిన ల్యాబ్ రిపోర్టు మాత్రం నిజమైనదే, చివరిదాకా చదివాను. జేఐఎస్ జెడ్ 2801 అనే జపాన్ ప్రమాణం పద్ధతి: శుభ్రమైన పలక మీద బ్యాక్టీరియా ద్రవం వేసి, పైన పలుచని ఫిల్మ్ కప్పి, 35 డిగ్రీల దగ్గర 24 గంటలు తేమలో ఉంచి లెక్కపెడతారు. మా తలుపు హ్యాండిల్‌ని పొద్దున్నుంచి రాత్రిదాకా ఎవరో ఒకరు పట్టుకుంటూనే ఉంటారు, దానికి 24 గంటల తీరిక ఎక్కడిది? పైగా ఆ పరీక్ష ఈ.కోలి, స్టాఫ్ ఆరియస్ అనే రెండు బ్యాక్టీరియాల మీద. మా బాత్రూమ్ మూలల్లో నల్లగా పట్టేది బూజు, అది ఫంగస్, ఆ రిపోర్టులో దాని ఊసే లేదు. వానాకాలం రాగానే ఎప్పటిలాగే పట్టింది.

బాగున్నవి కూడా చెప్పాలి కదా. చెప్పిన టైముకి వచ్చారు, వాసన లేదు, గోడల మీద మరకలు పడలేదు. ఎండ నేరుగా పడే బాల్కనీ అద్దం మీద తేడా కళ్లకి కనిపించింది: వాన నీళ్లు బొట్లుగా నిలవకుండా పల్చగా పరుచుకుని జారిపోతున్నాయి, దుమ్ము కూడా వాటితోపాటే పోతోంది. ఎండ తగిలిన టైటానియం డయాక్సైడ్‌కి ఆ గుణం ఉంది. క్రిముల సంగతేమో గానీ అద్దం తుడిచే పని తగ్గింది, మా ఆవిడ దానికే సగం డబ్బులు వసూలయ్యాయంటోంది.

నా రేటింగ్ 5కి 2, ఆ రెండూ బాల్కనీకే. వేయించుకోవాలనుకుంటే ఎండ తగిలే చోట్లకే బేరమాడండి, ఇల్లంతా చదరపు అడుగు లెక్కన ఒప్పుకోవద్దు. స్ప్రే చేసేటప్పుడు మాత్రం పిల్లల్నీ, ఆయాసం ఉన్న పెద్దవాళ్లనీ బయటికి పంపించి కిటికీలు తీసిపెట్టండి. పీల్చే టైటానియం డయాక్సైడ్ ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2బి గ్రూపులో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో పెట్టింది. మా ఇంటికొచ్చిన కుర్రాళ్లు మామూలు గుడ్డ మాస్కులతోనే రోజంతా ఆ పొగమంచులో పనిచేశారు, వాళ్ల ఓనర్ కనీసం సరైన రెస్పిరేటర్లయినా కొనివ్వొచ్చు.