యమహా వైఆర్ఎస్-24బి రికార్డర్: కొనేముందు ఐదో రంధ్రం చూడండి

బెజవాడలో వేణువు నేర్చుకుంటూ, రెనసాన్స్, బరోక్ కాలాల పాత యూరప్ సంగీతం మీద మనసు పడ్డవాళ్లకు ఈ సొప్రానో (పైశ్రుతి) రికార్డర్, అంటే నిలువుగా పట్టి ఊదే పిల్లనగ్రోవి లాంటి వాద్యం, మంచి కొనుగోలు. గాలిదారి మూతిలోనే ఉంటుంది, పెదవి కుదరక అవస్థ పడక్కర్లేదు.

దీనికి కవల లాంటిది 23 నంబరు. రూపం దాదాపు ఒకటే, వేళ్ల పద్ధతే వేరు. ముందువైపు పైనుంచి లెక్కపెట్టండి: ఐదో రంధ్రం నాలుగోదానికంటే పెద్దదైతే బరోక్ పద్ధతి, చిన్నదైతే జర్మన్ పద్ధతి. అన్నీ మూస్తే పలికేది షడ్జం అనుకుంటే, జర్మన్ రకంలో వేళ్లు వరసగా తీస్తూపోతే శుద్ధ మధ్యమం వచ్చేస్తుంది. చిన్నపిల్లలకు అది సుఖమే. కానీ ప్రతిమధ్యమం (తీవ్ర మధ్యమం) దగ్గర, ముఖ్యంగా తారస్థాయిలో, శ్రుతి నిలవదు. 24బిలో శుద్ధ మధ్యమానికి ఐదోది తెరిచి ఆరు, ఏడు మూయాలి. మొదట్లో వేళ్లు తడబడతాయి గానీ, అలవాటైతే రెండు మధ్యమాలూ నికార్సుగా పలుకుతాయి. అందుకే మా ఓటు 24బికే.

పేరుకు తగ్గట్టే దీని గొంతు బరోక్‌ది. రెనసాన్స్ రికార్డర్ల లోపలి గొట్టం వెడల్పు, కింది స్వరాలు నిండుగా ఉంటాయి. బరోక్ కాలంలో గొట్టాన్ని కిందికి సన్నం చేశారు, తారస్థాయి తేలికైంది. ఇదీ ఆ నమూనాయే. ప్రచురణకర్త సుసాటో 1551లో ఆంట్వెర్ప్‌లో అచ్చువేసిన నాట్య బాణీలు హాయిగా వాయించవచ్చు, అడుగు షడ్జం మాత్రం పీలగా ఉంటుంది. దాన్ని గట్టిగా ఊదితే స్వరం పైకి దూకేస్తుంది. పైగా అవి నాలుగు గొంతుల బాణీలు, మీకు దక్కేది పైగొంతు ఒక్కటే.

బరోక్ స్వరకర్తలు హాండెల్, టెలిమాన్‌ల సొనాటాలే (వాద్య రచనలే) లక్ష్యమైతే ఇది కాకుండా ఆల్టో, అంటే దీనికంటే పెద్ద, కింది శ్రుతి రికార్డర్ కొనండి. అవి ఎక్కువగా దానికే రాశారు, దాని అడుగు స్వరం నాలుగు శ్రుతి. ఆ సొనాటాలకు ఆధారం కింద నడిచే బాసో కంటిన్యువో. కీబోర్డు మీద హార్ప్సికార్డ్ టోన్ పెట్టి ఎవరైనా ఆ వరస వాయిస్తే తప్ప అందం తెలియదు. ట్రిల్‌ను (రెండు పక్క స్వరాలను వేగంగా మార్చిమార్చి పలికించే గమకాన్ని) పైస్వరం నుంచి ఎత్తుకోండి. పాత వాద్యాల రికార్డింగులు చాలావరకు ‘ఎ’ స్వరం 415 హెర్ట్జ్ ఉండే పాత శ్రుతిలో ఉంటాయి. వాటితో కలిపి వాయిస్తే దాదాపు అర శ్రుతి తేడా వస్తుంది, తప్పు మీ వాద్యానిది కాదు.

ఊపిరి పెంచితే శ్రుతి కూడా పెరుగుతుంది, కాబట్టి భావమంతా నాలుకతోనే. 1535లో వెనిస్‌లో గనాస్సి అనే వాద్యకారుడు అచ్చువేసిన రికార్డర్ పాఠంలో ‘తె కె’, ‘తె రె’, ‘లె రె’ అని పలుకులున్నాయి. మన తుత్తుకారం వచ్చినవాళ్లకు ఇవి ఇట్టే పట్టుబడతాయి.

ఏసీ గదిలో ఊపిరి తేమ గాలిదారిలో చేరి గొంతు బొంగురుపోతుంది. వాయించేముందు తలభాగాన్ని అరచేతుల్లో కాసేపు వెచ్చబెట్టండి. అయినా ఆగకపోతే, నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి గాలిదారిలోంచి పోసి, తుడవకుండా ఆరనివ్వండి. పిన్నీసు మాత్రం దూర్చొద్దు. గాలి తగిలే అంచు గీసుకుపోతే ఆ నాదం మళ్లీ రాదు.