వైకాఫ్ వంశమూలం వెతుకుతూ బ్రూక్లిన్ నుంచి ఆల్బనీ దాకా

న్యూజెర్సీలో మా పక్కింటి పెద్దావిడ డచ్చి మూలాలున్న వైకాఫ్ వారి ఆడపడుచు. డెబ్బై దాటిన వయసులో తన పూర్వీకులు నడిచిన చోట్లను కళ్లారా చూసి రావాలని ఆవిడ కోరుకున్నారు. బందరు కోట దగ్గర డచ్చివారి సమాధుల మీది పేర్లు కూడబలుక్కుంటూ పెరిగిన నాకు ఆ మాట వినగానే ప్రాణం లేచివచ్చింది. అక్టోబరులో ఇద్దరం కలిసి బయలుదేరాం.

మొదట బ్రూక్లిన్‌లో, క్లారెండన్ రోడ్డు పక్కనున్న వైకాఫ్ ఇంటికి వెళ్లాం. అందులోని పాత భాగం 1652 ప్రాంతంలో కట్టినది. న్యూయార్క్ నగరం 1965లో పరిరక్షణ చట్టం తెచ్చినప్పుడు చారిత్రక కట్టడంగా మొట్టమొదట గుర్తించింది ఈ ఇంటినే. సబ్‌వే అంతదూరం పోదు, దిగి బస్సెక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవారితో వెళితే టాక్సీయే మేలు. ఇల్లు చూపించే వేళలు పరిమితం కనుక ముందుగా ఫోన్ చేసి సమయం తీసుకోవడం తప్పనిసరి.

నేను అక్కడ ఎక్కువసేపు నిలబడిపోయింది తలుపు దగ్గర. అది అడ్డంగా రెండు ముక్కలు. పై రెక్క తీస్తే గాలీ వెలుతురూ వస్తాయి, కింది రెక్క వేసి ఉంచితే కోళ్లూ పందులూ లోపలికి రావు. పెద్దావిడ ఆ కింది రెక్క మీద చేతులానించి చాలాసేపు తోటవైపు చూస్తూ ఉండిపోయారు. 1790 నాటికి ఈ కింగ్స్ కౌంటీ (ఇప్పటి బ్రూక్లిన్) జనాభాలో దాదాపు మూడోవంతు బానిసలే. ఇక్కడి డచ్చి కుటుంబాల పొలాలు ఎవరి చెమటతో పండాయో తెలుసుకోకుండా వంశవృక్షం గీయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఈ వంశానికి మూలపురుషుడు పీటర్ క్లాసెన్. 1637లో ఓడ దిగినప్పుడు అతను జమీందారు కాదు, ఆల్బనీ దగ్గరి రెన్సలార్స్‌విక్ ఎస్టేటులో ఒక కౌలుదారు దగ్గర కుదిరిన పాలేరు. అప్పటికి అతనికి ఇంటిపేరే లేదు. క్లాసెన్ అంటే క్లాస్ కొడుకని మాత్రమే అర్థం. 1664లో ఇంగ్లీషువారు న్యూ నెదర్లాండ్ అనే ఆ డచ్చి వలసరాజ్యాన్ని స్వాధీనం చేసుకున్న తర్వాతనే వైకాఫ్ అనే పేరు వచ్చి చేరింది. అందువల్ల ఇంటిపేరు పట్టుకుని వెనక్కి వెళ్లేవారు అక్కడికి చేరగానే దారి తప్పుతారు. అటువంటి చోట మనవాళ్లకు బాగా తెలిసిన ఆచారం ఆదుకుంటుంది: డచ్చివారు కూడా తాతల పేర్లు మనవలకు పెట్టేవారు. పీటర్ కొడుకుల్లో ఒకడు తండ్రివైపు తాత పేరుతో క్లాస్, మరొకడు అతని భార్య గ్రీట్యే వాన్ నెస్ తండ్రి పేరుతో కోర్నెలిస్. పైగా ఆడవారు పెళ్లయినా పుట్టింటి పేరుతోనే చర్చి రిజిస్టర్లలో కనిపిస్తారు. పిల్లల బాప్తిస్మానికి సాక్షులుగా నిలిచినవారు చాలావరకు దగ్గరి బంధువులే కనుక ఆ సాక్షుల వరుస చూస్తే చుట్టరికాలు బయటపడతాయి.

బ్రూక్లిన్‌లోనే 1654లో ఏర్పడిన ఫ్లాట్‌లాండ్స్ చర్చికి కూడా వెళ్లాం. ఇప్పుడున్న భవనం 1848 నాటిది. శ్మశానంలో వైకాఫ్ పేరున్న రాళ్లు చాలా ఉన్నాయి, ఒక గంట చాలు.

మర్నాడు హడ్సన్ నది ఒడ్డునే సాగే రైలులో ఆల్బనీ వెళ్లాం. ఎక్కేటప్పుడు ఎడమవైపు కిటికీ సీట్లు చూసుకుంటే దారి పొడవునా నది కనిపిస్తుంది. బస విషయంలో మాత్రం పొరపాటు చేశాను. అద్దె తక్కువని హైవే పక్కన ఒక హోటల్లో గది తీసుకుంటే అక్కడ లిఫ్టు పనిచేయలేదు, పెద్దావిడ సామానుతో రెండంతస్తులు ఎక్కవలసి వచ్చింది. మరునాడే స్టేట్ లైబ్రరీకి నడిచి వెళ్లగలిగే దూరంలోని బసకు మారాం. అద్దె ఎక్కువే అయినా పల్లం నుంచి కొండెక్కినట్లుండే ఆ ఊరి వీధుల్లో ఆ ఖర్చు సార్థకమే.

రైలు స్టేషన్ ఉన్న ఒడ్డునే, రెన్సలార్స్‌విక్ ఎస్టేటు యజమానులైన వాన్ రెన్సలార్ వారి ఇల్లు క్రైలో ఉంది. డచ్చి వలస జీవితాన్ని చక్కగా వివరించే ప్రదర్శనశాల అది; పాలేరు ఇల్లు చూశాక ప్రభువుల ఇల్లు చూడటం వల్ల తేడా తెలిసింది. అయితే ఈ ప్రయాణానికి ప్రాణం లైబ్రరీ భవనంలోనే ఉంది. న్యూ నెదర్లాండ్ నాటి దస్తావేజులు సుమారు 12 వేల పుటలు అక్కడ భద్రపరిచారు. అప్పట్లో అవి ఉన్న కేపిటల్ (రాష్ట్ర శాసనసభ) భవనం 1911లో తగలబడినప్పుడు కింది అరల్లో ఉండటం వల్ల అవి మిగిలాయి. తెర మీద చూస్తే అంచులు నల్లగా మాడి, అక్షరాలు మధ్యలో మాత్రం నిలిచి ఉన్నాయి. సిబ్బంది ఎంతో ఓర్పుతో ఏ సంపుటం తీయాలో చెప్పారు. 1974 నుంచి సాగుతున్న అనువాద కృషి వల్ల చాలా సంపుటాలు ఇంగ్లీషులో, ఉచితంగా ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. వాటిని ఇంట్లో చదువుకుని వెళితే అక్కడి సమయం కలిసివస్తుంది.

1687లో కింగ్స్ కౌంటీవారు రాజభక్తి ప్రమాణం చేసిన జాబితా అచ్చుప్రతిలో చూశాం. అందులో ప్రతి మనిషీ దేశానికి వచ్చి ఎన్నేళ్లయిందో రాశారు. పీటర్ క్లాసెన్ వైకాఫ్ పేరు పక్కన 51 అని ఉంది. పెద్దావిడ వేళ్ల మీద లెక్కపెట్టి, ఓడ హాలండ్ తీరం విడిచింది 1636లోనే కదా అని మెల్లగా అన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం ఆల్బనీలోనే ఉన్న మరో పాత డచ్చి కుటుంబపు ఇల్లు, స్కైలర్ భవంతి చూడాలని ముందే అనుకున్నాం. అది ఘనమైన ఇల్లే, కానీ ఆవిడ లేవలేదు. గ్రీట్యే పుట్టింటివారి పేర్లున్న మరో సంపుటం తెప్పించమని అడిగారు. లైబ్రరీ మూసే దాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.