కింగ్స్‌మన్ రెండో భాగం: సూటు అదే, కొలత తప్పింది

లండన్ శావిల్ రో వీధిలోని దర్జీ దుకాణం మాటున నడిచే గూఢచారి సంస్థ కథగా మాథ్యూ వాన్ తీసిన ‘కింగ్స్‌మన్: ద సీక్రెట్ సర్వీస్’ను మెచ్చినవారు, 2017లో వచ్చిన ‘ద గోల్డెన్ సర్కిల్’ను పెద్ద ఆశతోనే చూస్తారు. ఆ ఆశ సగమే తీరుతుంది. కారణాలు చెప్పాలంటే కథలోని మలుపులు బయటపెట్టక తప్పదు కనుక, సినిమా చూడనివారు ఇక్కడే ఆగడం మంచిది.

మొదటి భాగానికి అసలు బలం గురుశిష్యుల కథ. బస్తీలో దారితప్పి తిరుగుతున్న ఎగ్సీని (టారన్ ఎగర్టన్) హ్యారీ హార్ట్ (కాలిన్ ఫర్త్) చేరదీసి, పెద్దమనిషితనం పుట్టుకతో వచ్చేది కాదని నేర్పుతాడు. అందుకే చర్చి బయట విలన్ అతని తలలోకి కాల్చినప్పుడు, అంతవరకు నవ్వుతున్న మనకు నోట మాట రాదు. రెండో భాగం ముందుగా ఆ చావునే రద్దు చేసింది. తలలో తూటా దిగినవారిని కూడా కాపాడే జెల్ ఒకటి ఉందని చెప్పి, హ్యారీని ఒంటికన్నుతో, మతిమరుపుతో వెనక్కి తెచ్చింది. పోయిన పాత్రను బతికించడం మన సినిమాలకూ కొత్తేమీ కాదు. కానీ అలాంటి మందు ఉందని తెలిశాక ఎవరికి తూటా తగిలినా మనకు గుబులు పుట్టదు; విస్కీ అనే ఏజెంటు విషయంలో సరిగ్గా అదే జరిగింది కూడా.

అయితే హ్యారీ రాకతో ఒక మంచి సన్నివేశం దక్కింది. మొదటి భాగంలో అతను పబ్బు తలుపులకు ఒక్కొక్కటిగా గడియ వేసి, గొడుగు పిడితో బీరు గ్లాసును ఎగరేసి రౌడీ నుదుటికి గురిచూసి కొట్టిన ఘట్టం అందరికీ గుర్తే. ఇక్కడా అదే తీరుగా గడియ వేస్తాడు, అదే తీరుగా గ్లాసు విసురుతాడు, కానీ ఒక కన్ను పోయినందున గురి తప్పి తన్నులు తింటాడు. పాత సన్నివేశాన్ని తిరిగి వాడుకోవడమంటే ఇలా ఉండాలి.

అమెరికాలో బర్బన్ విస్కీ తయారీ కేంద్రం వెనుక నడిచే స్టేట్స్‌మన్ అనే గూఢచారి సంస్థ గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. చానింగ్ టేటమ్‌ను కాసేపు చూపించి గడ్డకట్టించి పక్కన పెట్టారు. హాలీ బెరీకి కంప్యూటర్ ముందు కూర్చోవడమే పని.

కంబోడియా అడవిలో 1950ల నాటి అమెరికా వీధిని కట్టుకుని, చిరునవ్వు చెరగకుండా మత్తుమందుల సామ్రాజ్యాన్ని నడిపే పాపీగా జూలియన్ మూర్ బాగా నప్పింది. ఆమె విషం కలిపిన మత్తుమందు వాడినవారి ఒంటి మీద నీలి నరాలు తేలుతుంటే, వాళ్లు చస్తే పీడ విరగడవుతుందని లెక్కవేసే అమెరికా అధ్యక్షుడు ఆమెకన్నా భయం గొల్పుతాడు. దర్శకుడు ఆ ఆలోచన దగ్గర నిలబడకుండా గాయకుడు ఎల్టన్ జాన్‌తో బూతులు పలికించడానికి పరుగెత్తడం నాకు నచ్చలేదు. 141 నిమిషాల నిడివిలో ఆ ఆలోచనకు చోటు లేదనలేం.

మొదటి భాగానికి సాటి వచ్చే ఘట్టం చివర్లో ఉంది. ఎగ్సీ మందుపాతర మీద కాలు వేస్తే, కింగ్స్‌మన్‌లో అతని సహచరుడు మెర్లిన్ (మార్క్ స్ట్రాంగ్) దాన్ని క్షణకాలం గడ్డకట్టించి, అతన్ని పక్కకు నెట్టి తాను నిలబడతాడు. కాపలావాళ్లు దగ్గరకు వచ్చేదాకా జాన్ డెన్వర్ పాటను గొంతెత్తి పాడి, కాలు తీస్తాడు. అతని కోసం ఎవరూ జెల్ తీసుకురారు.