హోలోగ్రాఫిక్ మైక్రోస్కోప్: కొన్నేళ్లు వాడాక

హోలోగ్రాఫిక్ మైక్రోస్కోప్ రంగు వేయకుండానే కణజాలాన్ని మూడు కొలతల్లో చూపిస్తుందన్నది నిజమే. కాకపోతే సెక్షన్ (కణజాలం నుంచి కోసిన పలుచటి పొర) ఎంత మందం, దేంట్లో మౌంట్ చేశారు (ఏ ద్రవంలో ఉంచి స్లైడు మీద కప్పారు) అన్న రెండింటి మీదే ఫలితమంతా ఉంటుంది.

లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి, ఒకదాన్ని శాంపిల్ గుండా పంపి మళ్లీ కలుపుతారు. శాంపిల్ మీద పడే కోణం మారుస్తూ తీసిన హోలోగ్రాముల నుంచి వక్రీభవన గుణకం (పదార్థం కాంతిని ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే సంఖ్య) మ్యాప్ కడుతుంది సాఫ్ట్‌వేర్. నీరు 1.333, కణద్రవ్యం సుమారు 1.36–1.38, కొవ్వు బిందువులు అంతకంటే బాగా ఎక్కువ. కాలేయంలో కొవ్వు చూడాలంటే దీన్ని మించింది లేదు. అయితే క్రయోసెక్షనే (గడ్డకట్టించి కోసిన పొర) కావాలి. కణజాలాన్ని మైనపు బ్లాకు చేసేటప్పుడే జైలీన్ అనే ద్రావణి కొవ్వును కడిగేస్తుంది.

అలవాటుగా డీపీఎక్స్‌తో (స్లైడ్లకు వాడే జిగురుతో) మౌంట్ చేస్తే తెర దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. దాని గుణకం 1.52 దగ్గర, ఎండిన ప్రోటీన్‌దీ ఇంచుమించు అంతే. తేడా లేకపోతే బొమ్మ ఎక్కడిది? మైనం తీసేశాక సెక్షన్‌కి మళ్లీ నీళ్లు పట్టించి పీబీఎస్‌లో (ఉప్పునీటి బఫర్‌లో) మౌంట్ చేయండి. 0.17 మి.మీ. కవర్‌స్లిప్ పెట్టి, అంచులకు నెయిల్ పాలిష్ పూయండి. లేదంటే ఏసీ గదిలో అంచుల నుంచి ఆరిపోతూ, కిరణాలు కలిసిన చోట ఏర్పడే చారలు జరుగుతాయి.

మడతలు మహా చెడ్డవి. 10 మైక్రాన్ల సెక్షన్ మడత పడితే, గుణకంలో తేడా 0.03 అనుకున్నా, అంచు దగ్గర రెండు కిరణాల దారి తేడా ఒక్కసారిగా 300 నానోమీటర్లు పెరుగుతుంది. 532 నానోమీటర్ల లేజర్‌కి అది సగం తరంగం కంటే ఎక్కువ. అక్కడ ఫేజ్ (తరంగం ఎంత వెనకబడిందన్న) లెక్క తప్పి కొండచరియ లాంటి గీత వస్తుంది. ఇక నిలువు దిశలో కొన్ని కోణాల సమాచారం ఎప్పటికీ అందదు కాబట్టి గుండ్రటి కేంద్రకం కూడా సాగినట్టు కనిపిస్తుంది. ఘనపరిమాణాలను వేరే యంత్రం లెక్కలతో పోల్చకండి.

హబ్సిగూడ, తార్నాక లాంటి మెట్రో రోడ్ల పక్కన అదురు తగలకుండా గ్రౌండ్ ఫ్లోర్, గాలి తేలుడు టేబుల్ రెండూ ఉండాల్సిందే. ఏసీ గాలి నేరుగా కిరణం దారికి తగలనివ్వొద్దు. వానాకాలంలో లెన్సులకు బూజు పడుతుంది, సిలికా జెల్ డబ్బాలో దాచండి. బొమ్మలో వలయాలొస్తే స్టేజి జరపండి: వెంట కదిలితే దుమ్ము స్లైడు మీద, కదలకపోతే ఆప్టిక్స్‌లో.

పలుచటి సెక్షన్లకు, బతికున్న కణాలకు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 100 మైక్రాన్ల ముక్కల్లో కాంతి పదేపదే చెదిరి ఉత్త పొగమంచే మిగులుతుంది. వాటికి టూ-ఫోటాన్ మైక్రోస్కోపే దిక్కు. అమ్మేవాళ్లు డెమోకొచ్చినప్పుడు వాళ్లు తెచ్చిన ప్లాస్టిక్ పూసలు కాదు, మీ సెక్షనే పెట్టించండి.