ఏడు తీగలా, ఎనిమిదా? బేసూ గిటారూ ఒక్కరే వాయించాలంటే ఏది మేలు

బేసూ గిటారూ ఒకే వాద్యం మీద ఒక్కడే పలికించే అమెరికన్ జాజ్ గిటారిస్టు చార్లీ హంటర్ వాయించడం ఫోనులో చూసిన ప్రతి గిటారిస్టూ అడిగేది ఒకటే: "అలాంటి ఎనిమిది తీగల గిటారు మనమూ చేయించుకోవచ్చాండీ?" అమలాపురం వైపు చర్చి క్వయర్లలో వాయించేవాళ్లు అడుగుతున్నారు, భీమవరం పెళ్లి ఆర్కెస్ట్రాల వాళ్లూ అడుగుతున్నారు. బేసిస్టు, అంటే కింది స్వరాల బేసు గిటారు వాయించేవాడు, దొరకడు. దొరికినా ఇచ్చే డబ్బు ఇద్దరికి పంచితే ఎవరికీ గిట్టదు. కాబట్టి ఆశ సహజమే, చేయించుకోవచ్చు కూడా. అయితే తీగలు ఎన్ని అనేది తర్వాతి సంగతి. ముందు తేలాల్సింది లావు తీగ ఎంత పొడుగుండాలి, ఏ శ్రుతిలో ఉండాలి అన్నది.

మామూలు గిటారు స్కేలు, అంటే తీగ మోగే పొడుగు, 25.5 అంగుళాలు, బేసుది 34. బేసులో 'ఈ' తీగ, అంటే 105 గేజిది (గేజి అంటే తీగ లావు, అంగుళంలో వెయ్యో వంతుల్లో), 34 అంగుళాల మీద పదహారు పదిహేడు కిలోల బిగువుతో ఉంటుంది. బిగువు పొడుగు వర్గాన్ని బట్టి మారుతుంది. అదే తీగను అదే శ్రుతిలో 28 అంగుళాలకు కుదిస్తే పదకొండు కిలోలు మిగులుతుంది, 25.5కి కుదిస్తే తొమ్మిదిన్నర లోపే. అప్పుడది బట్టలారేసుకునే తాడులా ఊగుతుంది. ఫ్రెట్లకు, అంటే గిటారు మెట్లకు, కొట్టుకుంటుంది, గట్టిగా మీటితే శ్రుతి ముందు పైకెగిరి తర్వాత దిగుతుంది. ఇంకా లావు తీగ వేద్దామంటే బిగువు వస్తుంది గానీ, అంత లావు తీగ పొట్టి స్కేలు మీద కడ్డీలా బిర్రబిగుసుకుని, పన్నెండో ఫ్రెట్ దాటాక నాదం మొద్దుబారుతుంది.

దీనికి హంటర్ గిటారులో ఉన్న విరుగుడు విసనకర్ర ఫ్రెట్లు. గిటార్లు చేసే రాల్ఫ్ నోవాక్ వీటికి 1989లో పేటెంటు పొందాడు. లావు తీగకు ఎక్కువ పొడుగు, సన్న తీగకు తక్కువ పొడుగు, ఫ్రెట్లన్నీ విసనకర్ర పుల్లల్లా విచ్చుకుని ఉంటాయి. నోవాక్ చేసిన ఆ ఎనిమిది తీగల వాద్యంలో మూడు బేసువి (ఈ, ఏ, డి), ఐదు గిటారువి (ఏ, డి, జి, బి, ఈ). బొటనవేలు బేసు నడుపుతుంటే మిగతా వేళ్లు గిటారు తీగల పని చూసుకుంటాయి. చిటికెన వేలితో తాళం తీగలు మీటుతూ నాలుగు తీగల మీద రాగం పలికించే వీణ విద్వాంసులున్న చోట ఇదేమీ వింత కాదు. వీణకూ ఏడే తీగలు.

అసలు చూడాల్సింది హంటర్ తర్వాత చేసిన పని. 2006లో ఆయన అన్నిటికన్నా సన్నదైన పై 'ఈ' తీగ తీసేసి నెక్ (ఎడమ చెయ్యి పట్టుకునే మెడ) సన్నం చేయించుకుని ఏడు తీగలకు దిగాడు. చేతులు చిన్నవి, ఆ ఎనిమిదో తీగ కోసం చెయ్యి చోటు మార్చాల్సి వస్తోందని దాన్ని పెద్దగా వాడేవాడే కాదు. తర్వాత రెండేళ్లలో శ్రుతి కూడా అంచెలుగా పెంచి బేసు తీగల్ని జి, సి, ఎఫ్‌కి తెచ్చాడు. మూడు అర స్వరాలు పెరిగితే అదే తీగ మీద బిగువు నూటికి నలభై ఒక వంతు పెరుగుతుంది. ఇందాక 28 అంగుళాల మీద పదకొండుకు పడిపోయిన 105 తీగ మళ్లీ పదహారు కిలోలకు చేరుకుంటుంది. స్కేలు కుదించి పోగొట్టుకున్నదంతా శ్రుతి తిరిగి ఇచ్చేస్తుంది. ఇంకో లాభం: 'ఈ' 41 హెర్ట్జ్, 'జి' 49. మన చర్చిల్లో, కల్యాణ మండపాల్లో ఉండే పన్నెండు అంగుళాల బాక్సుల్లో 41 దాదాపు వినబడదు, 49 కాస్త నయం. నష్టం లేకపోలేదు. మూడో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) పెట్టినట్టు స్వరాలన్నీ మనసులో మార్చుకోవాలి. 'ఈ'లోనో 'ఎఫ్'లోనో పాడే పాటకు కింది షడ్జం దొరకదు, పై స్థాయికి వెళ్లాల్సిందే.

కాబట్టి ఎనిమిదీ ఏడూ పక్కపక్కన పెడితే నా మొగ్గు ఏడుకే. ఎనిమిదిలో నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర నెక్ వెడల్పు 53 నుంచి 55 మిల్లీమీటర్లు, ఏడులో 48 చుట్టుపక్కల. మొత్తం బిగువు ఎనిమిదికి ఎనభై కిలోల దాకా పోతుంది, ఆరు తీగల మామూలు గిటారుకు వేసే 11 సెట్‌కు (సన్న తీగ 11 గేజి) యాభై యాభై అయిదే. చేతులు పెద్దవి, సోలోలో పై 'ఈ' లేకపోతే ఊరుకోలేం అనేవాళ్లకు మాత్రం ఎనిమిదే.

మిగతా రకాలు క్లుప్తంగా. జాజ్ గిటారిస్టు జార్జ్ వాన్ ఎప్స్ 1930ల చివర్లో మొదలుపెట్టిన పద్ధతి, ఆరు తీగల కన్నా కింది శ్రుతిలో ఇంకో 'ఏ'. బజారులో దొరికే ఏడు తీగల గిటారుకే 75 లేదా 80 గేజి తీగ వేసి 'బి'ని 'ఏ'కి దించితే సరి, వడ్రంగి అవసరం లేదు. కార్డులతో పాట నడిపేవాళ్లకు హాయి, కానీ అది నిండు బేసు కాదు. ఇంకో గిటారిస్టు లెన్నీ బ్రూ పద్ధతిలో ఏడో తీగ పై శ్రుతిలో ఉంటుంది, పై 'ఏ'. 25.5 మీద అది 440 హెర్ట్జ్‌కి చేరేలోపో చేరాకో తెగుతుంది. సన్న తీగ వేసినా ఉపయోగం లేదు, ఎందుకంటే తెగే శ్రుతి పొడుగును బట్టి ఉంటుంది, లావును బట్టి కాదు. స్కేలు 22 అంగుళాలకు తగ్గించాలి. బ్రూ తన నైలాన్ తీగల గిటారుకు కొన్నాళ్లు గాలపు దారమే వేశాడు. ఆ దారం మన నరసాపురంలో కావలసినంత దొరుకుతుంది గానీ, ఎలక్ట్రిక్ గిటారులో తీగ నాదాన్ని పట్టే పికప్ అయస్కాంతంతో పనిచేస్తుంది, దానికి నైలాన్ వినబడదు. ఇక గిటార్లు చేసే లిండా మాంజర్ 1984లో జాజ్ గిటారిస్టు పాట్ మెథినీకి చేసిన 42 తీగల పికాసో: నాలుగు నెక్‌లు, ఆరున్నర కిలోల పైమాట. చూసి ఆనందించడానికే.

ఏడు తీగలది చేయించేవాళ్లకు కొలతలు. లావు వైపు 28, సన్న వైపు 25.5. మిగిలిన పొడుగును ప్రతిసారీ 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ వస్తుంది. లావు అంచున మొదటి ఫ్రెట్ నట్ నుంచి 39.9 మిల్లీమీటర్లు, సన్న అంచున 36.4. రెండు అంచుల మీదా విడిగా గుర్తులు పెట్టి స్కేలు బద్దతో కలపాలి. ఏడో ఫ్రెట్ వాలు లేకుండా నిటారుగా ఉండేలా చూసుకుంటే నట్ 21 మిల్లీమీటర్లు, బ్రిడ్జి (తీగల రెండో కొస ఆనేది) 42 ఏటవాలు వస్తాయి. పన్నెండోది నిటారు చేస్తే నట్ దగ్గర వాలు 32కి పెరిగి మొదటి కార్డులకే మణికట్టు నొప్పెడుతుంది. వీణ మెట్లలా మైనం కరిగించి జరుపుకునే వీలు లేదు, గాడి ఒకసారి కోశాక అంతే. బ్రిడ్జి ఒక్కో తీగకూ విడిగా ఉండాలి.

నెక్‌కు టేకు చాలు, మన ముసురుకు అది పెద్దగా ఉబ్బదు. మూడు బద్దలు నిలువుగా అతికించి రెండు ట్రస్ రాడ్లు (నెక్ వంగకుండా లోపల వేసే కడ్డీలు) వేయించండి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు అసిటోన్‌తో తుడవకపోతే ఏడాదిలో బంక వదిలేస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో మామూలు స్టీలు తీగలు వారాల్లో తుప్పు పడతాయి, పూత తీగలు వాడి పెట్టెలో సిలికా జెల్ ఉంచాలి.

పికప్‌లు రెండు, బేసుకొకటి, గిటారుకొకటి. రెండూ ఒకే స్టీరియో జాక్‌కి వస్తాయి. అక్కడ మామూలు మోనో కేబుల్ గుచ్చితే జాక్‌లో రింగ్ అనే రెండో కనెక్షన్‌కి కలిపిన వైపు ఎర్త్ అయిపోయి ఆ సగం మూగబోతుంది. "బేసు పికప్ పోయింది" అని తెచ్చేవాటిలో చాలామటుకు ఇదే. స్టీరియోను రెండుగా చీల్చే వై కేబుల్‌తో మిక్సర్‌లో రెండు ఛానెళ్లకు ఇచ్చి, లో కట్ (కింది శ్రుతులను తగ్గించే బటన్) గిటారు ఛానెల్‌లోనే వేయాలి.

చేయించే ముందు పరీక్ష కావాలంటే పాత ఏడు తీగల గిటారు చాలు. లావు వైపు మూడు తీగల స్థానంలో 100, 80, 60 బేసు తీగలు వేసి జి, సి, ఎఫ్ పెట్టండి. నట్ గాడులు ఆకురాయితో వెడల్పు చేయాలి, ట్యూనర్ కన్నాలు డ్రిల్లుతో పెంచాలి. తీగ కత్తిరించే ముందు కొసను లంబకోణంలో మడవండి, లేకపోతే పైచుట్టు వదులై తీగ చచ్చుబడుతుంది.