రెండో డాక్టర్ మాట కోసం విశాఖ వెళ్ళడం మంచిదే అయింది

మాది పర్లాకిమిడి. మా పిన్నికి రొమ్ములో ఉన్నది క్యాన్సర్ గడ్డే అని తేలగానే, దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో పావుగంటలో ‘మొత్తం తీసేయాలి, సోమవారం చేరిపోండి’ అన్నారు, ఎందుకని అడిగితే విసుక్కున్నారు. రిపోర్టులన్నీ సంచిలో వేసుకుని విశాఖలో ఇంకో చోటికి వెళ్ళాం.

టోకెన్ ఉన్నా మూడు గంటలు కూర్చోబెట్టారు, క్యాంటీన్ ఇడ్లీ అయితే రాయే. కానీ డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది: గడ్డ ఒక్కటే, చిన్నది కాబట్టి అంతవరకే తీసి రేడియేషన్ ఇచ్చినా, మొత్తం తీసేసినా బతికే అవకాశం ఒకటేనని, 2002లో వచ్చిన 20 ఏళ్ళ పరిశీలనల్లోనే అది తేలిందని. రొమ్ములో వేర్వేరు చోట్ల గడ్డలున్నా, రొమ్మంతా వాచి ఎర్రబడే రకమైనా, ఇదివరకే అక్కడ రేడియేషన్ పడినా, కోసిన అంచుల్లో మళ్ళీ మళ్ళీ క్యాన్సర్ కణాలు కనిపిస్తున్నా అప్పుడు సాధారణంగా మొత్తం తీసేయమంటారట. పెద్ద గడ్డని ముందు కీమోతో కుదించి చూడొచ్చట.

అసలు చిక్కు రేడియేషనే. వారానికి ఐదు రోజులు, మూడు వారాలపాటు, పర్లాకిమిడి నుంచి రోజూ తిరగడం అయ్యే పనా? “ఇక్కడ ఉండడానికి చోటుందా అమ్మా? లేకపోతే తీయించుకోవడమూ తప్పేం కాదు, నిర్ణయం మీదే” అందావిడ. పిన్ని గాజువాకలో చెల్లెలింట్లో ఉండిపోయింది.